ఇంట్లో బైక్ ట్యాంక్‌కి స్ప్రే డబ్బాతో రంగు వేస్తే నిలుస్తుందా?

కావలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా నాన్న నడిపిన 2009 స్ప్లెండర్ ఇప్పుడు నా చేతికొచ్చింది. ట్యాంక్ రంగు వెలిసిపోయింది. సీటు దగ్గర కింది అంచున బొబ్బలు లేచాయి. స్ప్రే డబ్బాలు కొని మేడ మీద శని, ఆదివారాల్లో మ్యాట్ బ్లాక్ కొట్టి, పక్కల ఎర్ర గీత లాగేస్తే సరిపోతుందా? ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఎంతవుతుంది?"

వేసుకోవచ్చు తమ్ముడూ. ట్యాంక్ చిన్న వస్తువు, ఊడదీసి స్టూల్ మీద పెట్టుకుంటే చుట్టూ చేయి తిరుగుతుంది, కాబట్టి మొదటిసారి రంగు పట్టేవాళ్ళకి ఇంతకంటే మంచి పని లేదు. కానీ రెండు రోజుల్లో కాదు. మధ్యలో ఆరబెట్టే రోజులు కూడా కలుపుకుంటే వారం పది రోజులు పెట్టుకో. మామూలు స్ప్రే డబ్బాలో వచ్చే క్లియర్‌తో (రంగు మీద చివరగా కొట్టే పారదర్శక పూత) ముగిస్తే మాత్రం అది నిలవదు. పెట్రోల్ పోయించుకునేటప్పుడు మూత దగ్గర నాలుగు చుక్కలు జారితే చాలు, అక్కడ రంగు మెత్తబడి వేలికి అంటుకుంటుంది. నెల్లూరులో నా షాపుకి "ఇంట్లో వేశానన్నా, పాడైపోయింది" అని తెచ్చే ట్యాంకుల్లో ఎక్కువ భాగం మూత చుట్టూ ఇలా కరిగినవే.

కారణం తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో నీకే తెలుస్తుంది. మామూలు డబ్బాలో ఉండే అక్రిలిక్ రంగు, అందులోని థిన్నర్ గాల్లో కలిసిపోవడం వల్లే ఆరుతుంది. అంటే మళ్ళీ అలాంటి ద్రవం ఏది తగిలినా కరుగుతుంది. పెట్రోల్ సరిగ్గా ఆ పనే చేస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, కాబట్టి ఇంకాస్త కొరుకుతుంది. టూ-కె క్లియర్ అలా కాదు. దాంట్లో హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలుపుతాం. ఆ రెండూ కలిసి రసాయనికంగా గట్టిపడతాయి, ఒకసారి పూర్తిగా గట్టిపడ్డాక పెట్రోల్‌కి లొంగదు. రంగు ఏ కంపెనీదైనా పర్వాలేదు, పైన పడే చివరి పొర మాత్రం టూ-కె అయి తీరాలి.

ముందు ఆ బొబ్బల సంగతి తేల్చుకో. రంగు షాపుకి వెళ్ళేది ఆ తర్వాతే.

సీటు దగ్గర కింది అంచు ట్యాంక్‌లో పల్లపు చోటు. లోపల చేరిన నీరంతా అక్కడికే దిగుతుంది. పెట్రోల్ కంటే నీళ్ళు బరువు కాబట్టి అడుగున నిలిచి లోపలి నుంచే తుప్పు పట్టిస్తాయి. బయట బొబ్బ కనపడేసరికి రేకు సగం తినేసి ఉండొచ్చు. మొండి స్క్రూడ్రైవర్ కొనతో బొబ్బను గీకి రంగు ఊడగొట్టు. కింద గోధుమ రంగు పొడి రాలి, దాని కింద మెరిసే రేకు తగిలితే అది పైతుప్పే, భయం లేదు. కొన దిగబడినట్టు అనిపించినా, నల్లటి సూది బెజ్జాలు కనపడినా, పెట్రోల్ వాసనతో చెమ్మగా ఉన్నా రేకు చిల్లు పడిందని అర్థం. చిల్లు పడ్డ ట్యాంక్‌ని ఏ రంగూ, ఏ లప్పమూ ఆపలేవు. ట్యాంకులు కడిగి బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి చిల్లు అతకడం) చేసే అనుభవస్థుడి దగ్గరికి తీసుకెళ్ళు, లేదా వేరే ట్యాంక్ చూసుకో.

మన తీరంలో ఇది మరీ ఎక్కువ. ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లు నా దగ్గరికి బాగా వస్తాయి. పైన అద్దంలా మెరుస్తున్న ట్యాంక్‌ని తిరగేస్తే అడుగంతా పొట్టు పొట్టుగా రాలుతూ ఉంటుంది. ఉప్పుగాలి కనపడని చోటే ముందు పట్టుకుంటుంది. కాబట్టి నువ్వు పైన ఎంత శ్రద్ధగా చేస్తావో, బండి చాసిస్ మీద కూర్చునే అడుగు భాగానికీ అంతే శ్రద్ధగా ప్రైమర్, రంగు పట్టించు. ఎవరూ చూడరని అక్కడ వదిలేయొద్దు.

ఇక ట్యాంక్ విప్పడం. నీది 2009 బండి కాబట్టి కార్బురేటరే. పెట్రోల్ కాక్ కట్టేసి, పైపు పీకి, డబ్బాలోకి వంచుకుంటే సరిపోతుంది. ఇది చదివే మిగతావాళ్ళ బండి 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 అయితే చాలా మోడళ్ళలో పంపు ట్యాంక్ లోపలే ఉంటుంది. కరెంటు కనెక్టర్, ప్రెషర్ ఉన్న పైపు తీయాలి. అలవాటు లేకపోతే మెకానిక్‌తోనే విప్పించండి.

ఒక్క మాట మాత్రం నెమ్మదిగా చదువు. పెట్రోల్ వంచేసిన ఖాళీ ట్యాంక్, నిండు ట్యాంక్ కంటే ప్రమాదం. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పు తగిలితే పేలుతుంది. ఖాళీ ట్యాంక్‌లో గాలీ ఆవిరీ కలిసి ఆ పాళ్ళకు చేరడం చాలా తేలిక. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతూ పోతుంది. వంటింట్లో స్టవ్, దేవుడి గదిలో దీపం, ఇన్వర్టర్ స్విచ్, ఇవన్నీ గుర్తుపెట్టుకో. బయట గాలి ఆడే చోట పెట్రోల్ వంచి, సర్ఫ్ నీళ్ళు పోసి ఆడించి, రెండు మూడుసార్లు కడిగి, మూత తీసి ఎండలో పెట్టు. వాసన ఉన్నంతసేపూ గ్రైండర్, హీట్ గన్, వెల్డింగ్ దాని దగ్గరికి రాకూడదు. వాసన పోయాక కూడా వెల్డింగ్ ఇంట్లో వద్దే వద్దు. లోపల తుప్పు ఉంటే ఇప్పుడే వెనిగర్ పోసి ఒక రాత్రి ఉంచి, వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఆరబెట్టి, కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి లోపలంతా తిప్పు. రంగు వేశాక ఈ పని పెట్టుకుంటే ఆ పులుపు కారి కొత్త రంగు పాడవుతుంది.

ఇప్పుడు అసలు పని, రుద్దుడు. రంగు నిలిచేదీ నిలవనిదీ ఇక్కడే తేలుతుంది, కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

పాత రంగంతా పీకేయాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. కంపెనీలో వేడికి కాల్చి వేసిన రంగు కంటే గట్టి పునాది ఇంట్లో నువ్వు వేయలేవు. గుడ్డకి కొంచెం థిన్నర్ అద్ది ఒక మూల గట్టిగా రుద్ది చూడు. గుడ్డకి రంగు అంటకపోతే అది ఒరిజినల్ రంగు, గట్టిగా ఉంది. దాన్ని 400 నంబర్ వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబర్ పెరిగే కొద్దీ నున్నన), తర్వాత 600తో, మెరుపు మొత్తం పోయి మసకగా కనపడేదాకా రుద్దితే చాలు. గుడ్డకి రంగు అంటితే మధ్యలో ఎవరో మామూలు రంగు కొట్టారన్నమాట, అది మాత్రం పూర్తిగా తీసేయాలి. లేకపోతే నీ కొత్త రంగులోని థిన్నర్ తగిలి పాతది ముడతలు పడి లేస్తుంది. స్టిక్కర్లు ఉంటే హెయిర్ డ్రయ్యర్ వేడితో లాగొచ్చు అంటారు, ట్యాంక్ కడిగి వాసన పోయాక మాత్రమే ఆ పని చేయి.

బొబ్బలు గీకిన చోట రేకు తేలుతుంది. ఆ చుట్టూ పాత రంగు అంచు మెట్టులా నిలబడి ఉంటుంది. 180తో మొదలుపెట్టి 240, 320, 400 అని వరసగా నున్నటి పేపర్లకి మారుతూ ఆ మెట్టుని వాలుగా దించాలి. సరిగ్గా దిగిందో లేదో కంటితో తెలియదు. కళ్ళు మూసుకుని వేలి కొనలు దాని మీద నడిపించు. ఎక్కడో ఒకచోట చిన్న గీతలా తగులుతుంది. అది వేలికి తెలిసినంతకాలం రంగు వేశాక కంటికి కూడా తెలుస్తుంది, పైగా మెరుపు వచ్చాక రెండింతలు తెలుస్తుంది. వేలికి ఏమీ తగలకపోతేనే ముందుకు పో.

తేలిన రేకుని చేత్తో ముట్టుకోకు. మన ఉక్కలో చెమట చేయి పడితే మర్నాటికల్లా వేలిముద్ర ఆకారంలోనే తుప్పు కనపడుతుంది. రుద్దిన రోజే గ్రీజు తీసే ద్రవంతో తుడిచి ఎపాక్సీ ప్రైమర్ పట్టించు. పెట్రోల్‌తోనో కిరోసిన్‌తోనో తుడవొద్దు, జిడ్డు మిగులుతుంది. ట్యాంక్‌కి ఎప్పుడైనా సిలికాన్ పాలిష్ రాసి ఉంటే ఇంకా జాగ్రత్త. ఆ జిడ్డు కొంచెం మిగిలినా రంగు అక్కడ పట్టకుండా చిన్న చిన్న గుంటలుగా విచ్చుకుంటుంది. మేం దాన్ని ఫిష్ ఐ అంటాం. ఒకసారి వచ్చిందంటే ఆ పొర రుద్ది మళ్ళీ వేయడం తప్ప దారి లేదు.

సొట్టలుంటే లప్పం పెట్టాలి, కానీ పల్చగా. రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే అది ముందు టింకరింగ్ చేయాల్సిన సొట్ట. ట్యాంక్ ఎండకి వేడెక్కుతుంది, ఇంజన్‌తో పాటు వణుకుతుంది, మందపాటి లప్పం దాన్ని తట్టుకోలేక పగులుతుంది. ఒంగోలు నుంచి ఒకాయన తెచ్చిన బుల్లెట్ ట్యాంక్‌కి మోకాలి దగ్గర వేలెడు వెడల్పు పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద తుప్పు అలాగే ఉంది, తుప్పు మీదే లప్పం పూసి నునుపు చేసేశారు. పాలిస్టర్ లప్పంలో హార్డెనర్ రెండు మూడు శాతమే కలపాలి. త్వరగా ఆరుతుందని ఎక్కువ కలిపితే ఆ మరక పై రంగులోకి ఎక్కుతుంది. లప్పాన్ని తడిపి రుద్దొద్దు, నీళ్ళు పీల్చుకుంటుంది. పొడిగానే రుద్దు, దుమ్ము మాస్క్ పెట్టుకో. చిన్న డబ్బాల్లో దొరికే ఎన్‌సి పుట్టీ (థిన్నర్ ఆరిపోయి గట్టిపడే పల్చటి లప్పం) సూది బెజ్జాలు పూడ్చడానికే. దాంతో సొట్ట నింపితే వారాల తరబడి కుంచించుకుపోతూ లోపలి గీతలన్నీ బయటపెడుతుంది.

ప్రైమర్ ఆరాక నేను ప్రతి ట్యాంక్‌కీ చేసే పని ఒకటుంది. బూడిద రంగు ప్రైమర్ మీద నల్ల స్ప్రే దూరం నుంచి తుంపరలా పల్చగా చల్లుతాను. తర్వాత 400 లేదా 600 వాటర్ పేపర్‌ని చిన్న రబ్బరు ముక్కకి చుట్టి రుద్దుతాను. ఎత్తుగా ఉన్నచోట నలుపు ముందు పోతుంది, పల్లంలో నల్ల చుక్కలు మిగులుతాయి. నలుపంతా పోయిందంటే ఉపరితలం సమానమైందన్నమాట. చుక్కలు మిగిలిన చోట ఇంకాస్త ప్రైమరో పుట్టీయో కావాలి. ఖర్చు లేని పని ఇది, తప్పకుండా చేయి.

ఏ కాలంలో, ఏ పొద్దులో అన్నది మన ప్రాంతంలో పెద్ద ప్రశ్న. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు, ముసురు, గాలి నిండా తేమ. ఆ తేమలో కొడితే రంగు మీద తెల్లటి మసక కమ్ముతుంది. రోహిణి కార్తెలో రంగు ట్యాంక్ మీద పడేలోపే సగం ఆరిపోయి ఇసక చల్లినట్టు గరుకుగా వస్తుంది. సంక్రాంతి తర్వాత నుంచి మార్చి దాకా హాయి. పొద్దున మంచు ఆరిపోయాక, ఎనిమిదిన్నర తొమ్మిది నుంచి పదకొండు లోపల ముగించు. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తే మేడ మీద దుమ్మంతా నీ ట్యాంక్ మీదే. సాయంత్రం లైటు వేసుకుని అసలు కొట్టొద్దు, పురుగులు వచ్చి తడి రంగులో అతుక్కుంటాయి. కొట్టబోయే ముందు మేడ మీద నీళ్ళు చల్లి, నీరు జారిపోయాక మొదలుపెట్టు. ట్యాంక్‌ని నేరుగా ఎండలో కాక పందిరి నీడన పెట్టు.

డబ్బాని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే తుంపర సన్నగా వస్తుంది. స్టవ్ దగ్గర, మరిగే నీళ్ళలో పెట్టకు. లోపలి గోళీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపు. ముందు పాత మడ్‌గార్డ్ ముక్క మీదో రేకు మీదో కొట్టి చెయ్యి సరిచూసుకో. ట్యాంక్‌కి ఎనిమిది నుంచి పది అంగుళాల దూరం. బటన్ ట్యాంక్ బయటే నొక్కి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దాటాకే వదులు. ప్రతి పట్టీ ముందు పట్టీ మీద సగం పడాలి. మొదట అంచులు, అడుగు, మూత చుట్టూ. తర్వాత పక్కలు, చివర పైభాగం. మొదటి కోటు కింద ప్రైమర్ కనపడేంత పల్చగా ఉండాలి. పది, పదిహేను నిమిషాలు ఆగి రెండోది, మూడోది. ఒకేసారి కప్పేయాలని తొందరపడితే రంగు కారుతుంది.

ఎర్ర గీత గురించి. నలుపు వేసి దాని మీద ఎరుపు కొడదామని అనుకుంటున్నావు కదా, వరస తిప్పు. నలుపు మీద ఎరుపు కప్పదు, ఎన్ని కోట్లు వేసినా మట్టి రంగులా చచ్చిపోయి ఉంటుంది. గీత రావాల్సిన చోట ముందు తెల్లటి లేదా లేత బూడిద బేస్, దాని మీద ఎరుపు. అది బాగా ఆరాక గీత ఆకారంలో సన్న ఫైన్‌లైన్ టేప్ అంటించి, మొత్తం నలుపు కొట్టి, నలుపు మెత్తగా ఉన్నప్పుడే టేప్‌ని వెనక్కి మడిచి దాని మీదుగానే మెల్లగా లాగు. అంచు కత్తిరించినట్టు వస్తుంది. మామూలు మాస్కింగ్ టేప్ అంచు కింద రంగు పాకుతుంది. చెన్నైలో తయారయ్యే బుల్లెట్ల ట్యాంకుల మీద బంగారు గీతలు ఇప్పటికీ కుంచెతో చేత్తోనే లాగుతారు. ఆ చెయ్యి రావడానికి ఏళ్ళు పడుతుంది, మనకి టేపే దిక్కు.

మ్యాట్ ఆలోచన మానుకోమనే చెప్తాను. మ్యాట్ క్లియర్ మీద దుమ్ము పడినా, చిన్న కారుడు వచ్చినా రుద్ది పాలిష్ చేయలేం, చేస్తే అక్కడ మెరిసిపోతుంది. బండి నడిపే కొద్దీ మోకాళ్ళు రాసుకునే చోట కూడా అలాగే నున్నగా మెరుస్తుంది. మెరిసే గ్లాసీ క్లియర్ అయితే తప్పులు దిద్దుకునే వీలుంటుంది.

చివరి పొర, టూ-కె క్లియర్. ఇక్కడ నీ ఊపిరితిత్తుల సంగతి చెప్పాలి. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్‌లు ఉంటాయి. గుడ్డ కట్టుకున్నా, దుమ్ము మాస్క్ పెట్టుకున్నా అవి ఆగవు. వాసన పట్టి జాగ్రత్తపడదామన్నా కుదరదు, వాసన తెలియకముందే లోపలికి పోతాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం పీల్చినా ఉబ్బసం వస్తుంది, అది జీవితాంతం ఉండిపోవచ్చు. ఈ పనిలో ముసలైన పెయింటర్ల దగ్గు విన్నవాణ్ణి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. అడుగున బటన్ నొక్కి హార్డెనర్ కలుపుకునే టూ-కె స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. కొట్టాలంటే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ (రసాయన ఆవిరిని పట్టే ఫిల్టర్) ఉన్న మాస్క్, కళ్ళద్దాలు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా ఉండాలి. మేడ మీద చుట్టుపక్కల మనుషులు, పిల్లలు ఉండకూడదు. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే అసలు వద్దు.

నా సలహా అడిగితే, రుద్దుడు, ప్రైమర్, రంగు, గీత అన్నీ ఇంట్లో నువ్వే చేసుకో. క్లియర్ ఒక్కటి దగ్గర్లో పెయింటింగ్ షాపులో కొట్టించుకో. ఇలా ట్యాంక్ పట్టుకొచ్చే కుర్రాళ్ళకి నేను క్లియర్ డబ్బులే తీసుకుని కొట్టిస్తాను, చాలామంది పెయింటర్లు ఒప్పుకుంటారు. ముందే మాట్లాడి పెట్టుకో, ఎందుకంటే బేస్ కోటు వేశాక దాని డబ్బా మీద రాసిన గడువులోపే క్లియర్ పడాలి. గడువు దాటితే మళ్ళీ రుద్ది పల్చగా రంగు వేయాలి. ఏ కంపెనీ డబ్బాలు వాడావో కూడా ఆయనకి చెప్పు.

ఖర్చు: పేపర్లు, ఎపాక్సీ ప్రైమర్, కొంచెం లప్పం, రంగు డబ్బాలు, టేపు, షాపులో క్లియర్ కలిపి రెండున్నర వేలు అటూ ఇటూ అవుతుంది. తగ్గించుకోవాలంటే రంగులో తగ్గించుకో. ప్రైమర్‌లో, క్లియర్‌లో తగ్గించొద్దు.

ఆర్‌సిలో బండి రంగు రాసి ఉంటుంది. నీది నలుపే అయితే గొడవ లేదు. వేరే రంగుకి మారితే ఆర్‌టిఓ ఆఫీసులో అడిగి నమోదు చేయించుకో, అమ్మేటప్పుడూ ఇన్సూరెన్స్ దగ్గరా టెన్షన్ ఉండదు. బుల్లెట్‌కి మిలిటరీ గ్రీన్ వేయమని నన్ను అడిగేవాళ్ళు ఎక్కువ. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ వాహనాలకే పరిమితం, 1989 సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్‌లో 121వ రూల్ అదే చెప్తుంది. నేను ఆ పని ఒప్పుకోను.

క్లియర్ పడ్డాక సాయంత్రానికి చేతికి అంటకపోవచ్చు, అయినా రెండు రోజులు కదిలించకు. బండికి బిగించేటప్పుడు ముందు పక్క రబ్బర్లు కొత్తవి వెయ్యి, అరిగిన రబ్బరు వల్లే ట్యాంక్ చాసిస్‌కి రాసుకుని రంగు పోతుంది. మూత రబ్బరు గట్టిపడి ఉంటే అదీ మార్చు. వారం దాకా పెట్రోల్ చుక్క పైన పడకుండా చూసుకో, బంకులో మూత చుట్టూ గుడ్డ పెట్టు. నెల దాకా పాలిష్, వ్యాక్స్ వద్దు. ఆ తర్వాత దుమ్ము గింజలు కనపడితే 2000 వాటర్ పేపర్‌తో తడిగా రుద్ది కాంపౌండ్ (మెరుపు తెచ్చే రుద్దుడు ముద్ద) పట్టొచ్చు. కడిగేటప్పుడు ముందు నీళ్ళు పోసి దుమ్ము జారిపోయాకే గుడ్డ పెట్టు. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లయితే ఇది మరీ ముఖ్యం. ఆ గ్రానైట్ పొడిని పొడి గుడ్డతో తుడిస్తే క్లియర్ మీద గుండ్రటి గీతలు పడతాయి, ఎండలో నల్ల ట్యాంక్ మీద అవే ముందు కనపడతాయి.